ముసలాళ్ళ కొత్త పాటలు

మొన్నామధ్య ఆఫీసు క్యాంటీన్లో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు నా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ చూసి "ఏం వింటున్నారన్నా?" అని అడిగాడు. ఐరన్ మెయిడెన్ అన్నాను. "ఓ, మా బాబాయ్ కాలేజీలో ఉన్నప్పుడు ఆ అస్థిపంజరం టీషర్టు వేసుకునేవాడు! ఏ పాట? ఫియర్ ఆఫ్ ద డార్కా?" అన్నాడు. కాదు, 2006లో వచ్చిన ఆల్బం అన్నాను. వాడు కాసేపు లెక్క వేసుకుని, ఎంతో అమాయకంగా, "అప్పటికే వాళ్ళు ముసలాళ్ళు కదన్నా?" అన్నాడు.

నవ్వొచ్చింది. లోపల ఎక్కడో కాస్త కాలింది కూడా. ఎందుకంటే ఆ ఆల్బం చేసేనాటికి వాళ్ళ వయసు ఎంతో, ఇప్పుడు నా వయసు దాదాపు అంతే!

సరే, తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఐరన్ మెయిడెన్ ఇంగ్లాండు బ్యాండు. 1975 క్రిస్మస్ రోజున తూర్పు లండన్లో స్టీవ్ హారిస్ అనే బేస్ గిటారు వాయించే కుర్రాడు మొదలుపెట్టాడు. 1982లో 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్' ఆల్బంతో ప్రపంచమంతా మోగిపోయారు. 1993లో గాయకుడు బ్రూస్ డికిన్సన్ వెళ్ళిపోయాడు, అంతకు ముందే గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ కూడా వెళ్ళిపోయి ఉన్నాడు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. 1999లో ఇద్దరూ తిరిగొచ్చారు. అప్పట్నుంచి బ్యాండులో ముగ్గురు గిటారిస్టులు. నేను చెప్పబోయే ఆల్బం పేరు 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'. 2006 ఆగస్టు ఆఖర్లో వచ్చింది, వాళ్ళకది పద్నాలుగో స్టూడియో ఆల్బం. అప్పటికి హారిస్‌కి యాభై, బ్రూస్‌కి నలభై ఎనిమిది, డ్రమ్ములు వాయించే నికో మెక్‌బ్రెయిన్‌కి యాభై నాలుగు.

పాలకుర్తి వాడికి ఈ గోలతో సంబంధం ఏంటని మీరు అడగొచ్చు. మా ఊళ్ళోనూ అదే అడిగారు :) వరంగల్లో ఇంజనీరింగు చదివే రోజుల్లో హాస్టల్ గదిలో నా రూమ్మేటు దగ్గర ఒక టేప్ రికార్డరు, అరిగిపోయిన క్యాసెట్లు నాలుగు ఉండేవి. అందులో ఒకటి మెయిడెన్. మొదటి వారం చెవులు మూసుకున్నాను. రెండో వారం తెలియకుండానే బల్ల మీద వేళ్ళతో దరువు వేస్తున్నాను. మూడో వారం క్యాసెట్ నా మంచం మీద ఉంది. అంతే, అట్లా పట్టుకుంది.

నిజం చెప్పాలంటే ఆ 2006 ఆల్బం నాకు మొదట నచ్చలేదు. అప్పటికి బెంగుళూర్లో ఉద్యోగం, చేతిలో కాసిన్ని డబ్బులు. ఒరిజినల్ సీడీ కొనుక్కుని, స్నానం చేసి మరీ కూర్చున్నాను. డెబ్భై రెండు నిమిషాల ఆల్బం, పాటలేమో పదే. ఏ పాటా తొందరగా అసలు విషయానికి రాదు. నాకు కావలసిందల్లా హాస్టల్ గదిలో విన్న ఆ వేగం, అందరూ కలిసి అరవడానికి ఒక కేక. అవి లేవు. "అయిపోయింది వీళ్ళ పని" అనుకుని సీడీ అల్మారాలో పెట్టేశాను.

ఆ ఏడాది దసరాకి ఊరికి బయల్దేరాను. బెంగుళూరు నుంచి హైదరాబాదుకి రాత్రి బస్సు, అక్కణ్ణించి జనగామ, అక్కణ్ణించి పాలకుర్తి. నా దగ్గరున్న చిన్న ఎంపీత్రీ ప్లేయర్లో పొరపాటున ఆ ఒక్క ఆల్బమే మిగిలింది. పక్క సీటాయన గురక, కిటికీ బయట చీకటి. పాట మార్చడానికి లేదు, మార్చినా మళ్ళీ వాళ్ళే! మొదటి పాట నుంచి చివరి దాకా ఆపకుండా విన్నాను. కర్నూలు దాటేసరికి మూడోసారి వింటున్నాను.

ఆ రాత్రి నాకు అర్థమైందేంటంటే, తప్పు పాటలది కాదు, నా తొందరది. ఎనిమిది నిమిషాల పాట పొడుగని విసుక్కుంటున్నది ఎవరు? చిన్నప్పుడు తెల్లవార్లూ ఒగ్గుకథ ముందు కూర్చున్న నేను! మా జనగామ వైపు ఒగ్గుకథకి పెట్టింది పేరు. మాణిక్యపురం చుక్క సత్తయ్య గారి పేరు వినని ఇల్లు మా వైపు లేదు (ఆయన 2017లో పోయారు). ఒగ్గుకథలో కథకుడు ఒక్కసారిగా కథలోకి దూకడు. డోలు మెల్లగా మొదలవుతుంది, కథ చెప్పి పాట, పాట ఆపి మాట, నవ్వించి ఏడిపించి మళ్ళీ డోలు. అర్ధరాత్రికి గానీ అసలు ఘట్టం రాదు. అంతెందుకు, మా ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న పాల్కురికి సోమనాథుడు బసవపురాణం మొత్తం ద్విపదలో రాసింది జనం కూర్చుని, పాడుకుంటూ, మెల్లగా వినడానికే కదా. ఇట్లాంటి ఊళ్ళో పుట్టి, పాట మొదటి నిమిషంలోనే నన్ను అలరించాలని పట్టుబడితే ఎట్లా?

అట్లా విన్నాక ఆ ఆల్బం తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందులో సగానికి పైగా యుద్ధం గురించీ, మతం పేరు మీద జరిగే చావుల గురించీ. అట్ట మీద కూడా ట్యాంకు ఎక్కిన ఎడ్డీ (టీషర్టు మీది అస్థిపంజరం పేరు అదే), చుట్టూ అస్థిపంజరం సైనికులు. మూడో పాట 'బ్రైటర్ దేన్ ఎ థౌజండ్ సన్స్' అణుబాంబు గురించి. ఆ వెయ్యి సూర్యుల పోలిక మన భగవద్గీత పదకొండో అధ్యాయంలోది. 1945 జులైలో అమెరికా ఎడారిలో మొదటి అణుబాంబు పేలినప్పుడు ఓపెన్‌హైమర్‌కి గీత గుర్తొచ్చిందని అంటారు. ఆ పాటలో గిటారు వరస కుంటినడకలా, అడుగు తడబడుతున్నట్టు ఉంటుంది. ఎనిమిదిన్నర నిమిషాలు దాటే ఆ పాట వింటుంటే ఎవరో లోపల తప్పు చేసి పైకి లెక్కలు చెప్తున్నట్టుంటుంది.

ఇక 'ద లాంగెస్ట్ డే'. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికులు పడవల్లోంచి నీళ్ళలోకి దిగిన రోజు. మొదట బేస్ గిటారు ఒక్కటే చిన్నగా కదులుతుంది, పడవలో గుండె కొట్టుకున్నట్టు. అందులో సేనాధిపతుల గొప్పలు లేవు. ఆ పడవలో ఉన్నవాడి భయమే ఉంది. అది విన్నప్పుడల్లా నాకు మా బాపమ్మ గుర్తొస్తుంది. మా ఊరికి యుద్ధమంటే పుస్తకాల్లోది కాదు. చాకలి ఐలమ్మ తన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడ్డది మా పాలకుర్తిలోనే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తూటాకి బలైన కడవెండి మాకు దగ్గర ఊరే. కానీ మా బాపమ్మ ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు పెద్దవాళ్ళ పేర్లతో మొదలుపెట్టేది కాదు. తమ పక్కింటి పిల్లగాడు ఒకడు పొద్దున సద్ది మూట కట్టుకుని పోయి తిరిగి రాలేదని, వాళ్ళమ్మ చాలా రోజులు గిన్నెలో అన్నం తీసి పెట్టేదని, అక్కణ్ణించి మొదలుపెట్టేది. కథ చెప్పడమంటే అట్లా చెప్పాలి. యాభై ఏళ్ళ స్టీవ్ హారిస్‌కి ఆ సంగతి తెలుసు. ఇరవై ఆరేళ్ళప్పుడు తెలిసి ఉండదని నా అనుమానం.

ఇంకో విషయం చెప్పాలి. మామూలుగా ఆల్బం రికార్డు చేశాక మాస్టరింగ్ అని ఒక చివరి మెరుగు పెడతారు. ఆ రోజుల్లో దాని పేరు మీద శబ్దాన్నంతా ఒకే ఎత్తుకి దంచేసేవాళ్ళు, రేడియోలో మిగతా పాటల కన్నా గట్టిగా వినపడాలని. హారిస్ ఈ ఆల్బానికి అది వద్దన్నాడు. స్టూడియోలో అందరూ కలిసి వాయించింది ఎట్లా వినిపించిందో అట్లాగే వదిలేశారు. అందుకే మెల్లగా ఉన్నచోట నిజంగా మెల్లగా ఉంటుంది, ఉరిమినచోట నిజంగా ఉరుముతుంది. నా అంత ఇష్టం లేని వాళ్ళు దాన్ని 'సరిగ్గా వండలేదు' అన్నారు. నాకు మాత్రం మా ఊరి గుడి ముందు మైకు లేకుండా పాడే భజన గుర్తొస్తుంది.

అంతా మెచ్చుకోలేనేమో కూడా చెప్పేస్తాను. మొదటి పాట 'డిఫరెంట్ వరల్డ్' చక్కగా ఉంటుంది గానీ అది లేకపోయినా ఆల్బానికి లోటు లేదు. 'ఫర్ ద గ్రేటర్ గుడ్ ఆఫ్ గాడ్' తొమ్మిది నిమిషాల పైన నడుస్తుంది, పల్లవి అన్నిసార్లు తిప్పక్కర్లేదు. హారిస్‌కి ఆ జబ్బు ముందు నుంచీ ఉంది. నచ్చినవాళ్ళ జబ్బులు మనకి అలవాటైపోతాయి, అంతే.

అసలు నన్ను కట్టిపడేసిన పని వాళ్ళు ఆల్బం తర్వాత చేశారు. 2006 టూరులో ఆ ఆల్బం మొత్తాన్ని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరసగా స్టేజీ మీద వాయించారు. ఆ తర్వాతే నాలుగైదు పాత పాటలు. టిక్కెట్టు కొని వచ్చిన వాళ్ళు పాతవి వాయించమని గొడవ చేశారు, తిట్టుకున్నారు. పాతికేళ్ళ హిట్లు చేతిలో ఉన్నవాళ్ళకి ఇది అవసరమా? గంటన్నర పాతవి వాయిస్తే జనం ఊగిపోతారు, డబ్బులూ అవే. కానీ వాళ్ళు "మేము ఇప్పుడు చేస్తున్నది ఇదీ, కూర్చుని వినండి" అన్నారు.

2007 మార్చి 17న అదే బ్యాండు బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చింది. మన దేశంలో వాళ్ళ మొదటి కచేరీ. ఢిల్లీ బ్యాండు పరిక్రమ, హారిస్ కూతురు లారెన్ ముందు పాడారు. హైదరాబాదు నుంచి బస్సుల్లో వచ్చిన మనవాళ్ళు ఎంతమందో! లైన్లో నా వెనక నుంచి "అరే, నీళ్ళ బాటిల్ లోపలికి రానియ్యరట" అని వినపడితే సొంతూళ్ళో జాతరకి వచ్చినట్టు అనిపించింది. ఆ రాత్రి ఆల్బం మొత్తం వాయించలేదు గానీ కొత్తవి ఐదు పాటలు వాయించారు. వాళ్ళ కొత్త పాట మొదలైనప్పుడల్లా నా చుట్టూ కొందరు ఫోన్లు చూసుకున్నారు, కొందరు నీళ్ళ కోసం పోయారు. 'ద ట్రూపర్' రాగానే నేల అదిరింది. నేనూ ఎగిరాను, అబద్ధమెందుకు. కానీ ఆ జనం మధ్యలో నేను చూస్తున్నది నికోని. కొత్త పాటలప్పుడు కూడా, ఎవరూ ఎగరకపోయినా, ఆయన దెబ్బ ఒక్కటీ తగ్గలేదు.

ఎందుకు చూశానంటే, అంతకు ముందు మా ఇంట్లోనే అట్లాంటిది ఒకటి చూశాను కనుక.

మా బాపు చిరుతల రామాయణం ఆడేవాడు. చిన్నప్పట్నుంచి లక్ష్మణుడి వేషం. చేతుల్లో చిరుతలు, కాళ్ళకి గజ్జెలు, ఎగిరి అడుగేస్తే చూసేవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. లక్ష్మణుడు మూర్ఛపోయే ఘట్టం మళ్ళీ మళ్ళీ అడిగి ఆడించుకునేవాళ్ళు. బాపుకి యాభై దాటాక, వాళ్ళ జట్టంతా ఒక ఏడాది హరిశ్చంద్ర కథ పట్టుకున్నారు. పొలం పని అయ్యాక రోజూ రాత్రి నేర్చుకున్నారు. కొత్త మాటలు, కొత్త అడుగులు, మోకాళ్ళ నొప్పులు. "ఎందుకు బాపూ ఈ వయసుల? రామాయణమే ఆడరాదుండ్రి" అన్నాను ఫోన్లో. "మల్ల గదే ఆడితె మాకేముంటదిరా?" అన్నాడు. మొదటి రాత్రి ఆట సగం కాకముందే జనం లేచిపోయారు. బాపు వాళ్ళు తెల్లవారేదాకా ఆడారు. రెండో రాత్రి ఇంకొంతమంది ఆగారు. మూడో రాత్రి కాటిసీను అయ్యేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. పాత లక్ష్మణుడి గురించి ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

ఆ దసరాకే బాపు చెవుల్లో నా ఇయర్‌ఫోన్స్ పెట్టాను. మొహం అదోలా పెట్టి "ఏందిరా ఇది? పాట పాడుతుండ్రా కొట్లాడుతుండ్రా?" అన్నాడు. పడవలు, సైనికులు, కథంతా చెప్పాను. "అట్లనా? మరి కథ మంచిగనే ఉంది, గంత ఒర్రుడెందుకు?" అన్నాడు. చివరి పాట 'ద లెగసీ' పెట్టాను. అది మెల్లగా తీగలు మీటడంతో మొదలవుతుంది, చాలాసేపటి దాకా డ్రమ్ముల జోరు ఉండదు. తొమ్మిది నిమిషాలూ విన్నాడు. మధ్యలో మంచం పట్టె మీద వేలు కదిలింది. తాళం మారిన చోట ఆగి, పట్టుకుని, మళ్ళీ కదిలింది. "డోలు కొట్టేటోడు గట్టోడు" అన్నాడు. అంతకు మించి ఏ విమర్శకుడూ చెప్పలేదు నాకు.

2023 ఆగస్టులో మెయిడెన్ వాళ్ళు ఒక సంగతి బయటపెట్టారు. ఆ జనవరిలో నికోకి పక్షవాతం వచ్చింది, కుడి పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. అప్పటికి ఆయనకి డెబ్భై. బయటికి చెప్పకుండా అభ్యాసం చేసి మే నెలాఖరుకి స్టేజీ ఎక్కాడు. వెనకటి వేగం కొన్నిచోట్ల రావట్లేదని ఆయనే దాపరికం లేకుండా చెప్పాడు.

ఆ వార్త నేను చదివింది ఆసుపత్రి వరండాలో. అదే శ్రావణంలో మా బాపుకీ పక్షవాతం వచ్చింది. కుడి పక్కే. నేను ఆ డ్రమ్ములాయన కథ బాపుకి చెప్పాను, ధైర్యం చెప్దామని. మాట సరిగ్గా రావట్లేదు అప్పటికి. నెమ్మదిగా "ఆయనకు... చేస్తరు. మాకెవలు..." అని ఆగిపోయాడు. నా దగ్గర జవాబు లేదు. లండన్ డ్రమ్మర్‌కీ పాలకుర్తి రైతుకీ పోలిక పెట్టడం ఎంత తేలికో, దాన్ని మంచం పక్కన నిలబడి చెప్పడం అంత కష్టం. చెప్పకుండా ఉండాల్సింది.

బాపు కుడిచేతిలోకి చిరుతలు మళ్ళీ రాలేదు. కానీ మరుసటి ఏడాది ఊళ్ళో కుర్రాళ్ళు నేర్చుకుంటుంటే అక్కడికి కుర్చీ వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో కుర్చీ మీద తాళం వేస్తాడు. ఎవడైనా అడుగు తప్పితే చెయ్యి ఆగిపోతుంది. వాళ్ళకి అది చాలు.

నా సంగతికొస్తే, పదేళ్ళుగా నేను ఆఫీసులో ఒకే పాత సిస్టం మీద బతుకుతున్నాను. అది రాసింది నేనే, దాని గుట్టు తెలిసింది నాకే. మీటింగుల్లో నా మాటకి విలువ ఉన్నదీ దానివల్లే. అంటే, నా లక్ష్మణ మూర్ఛ అదన్నమాట. ఈ మధ్య కొత్త పని తీసుకోమంటే ఏవో సాకులు చెప్పి రెండుసార్లు తప్పించుకున్నాను. క్యాంటీన్లో కుర్రాడు ముసలాళ్ళు అన్నప్పుడు కాలింది అందుకే. మూడోసారి ఒప్పుకున్నాను. ఆ కుర్రాడి పక్కనే కూర్చుని, వాడి దగ్గరే నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా రాసిందేదీ గొప్పగా లేదు. నా కోడ్ చూసి వాడు మర్యాదగా "అన్నా, దీన్ని ఇట్లా కూడా రాయొచ్చు" అంటుంటాడు.

మొన్న ఊరికి పోయినప్పుడు బాపే అడిగాడు, "గా డోలాయన ఎట్లున్నడు?" అని. టూర్లు బంద్ పెట్టిండు బాపూ, 2024 డిసెంబర్లో బ్రెజిల్‌ల ఆఖరి కచేరీ అన్నాను. బాపు కాసేపు ఊరుకున్నాడు. "మంచిగ జేసిండు" అన్నాడు. తర్వాత మళ్ళీ, "మరి కొత్తాయన ఎట్ల కొడ్తుండు?" అన్నాడు.

ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాను. ఇద్దరం చూశాం. బాపు ఎడమ చెయ్యి మంచం పట్టె మీద ఉంది.

మీరెప్పుడైనా ఆ ఆల్బం వినాలనుకుంటే ఇంట్లో పని చేసుకుంటూ వినకండి. రాత్రి బస్సెక్కినప్పుడు వినండి. నచ్చకపోతే నిద్రైనా పడుతుంది.